చెక్క మీద చెవి

కారియాకూ దీవిలో, విండ్‌వర్డ్ ఇసుక మీద
నలభై ఏళ్లుగా పడవలు కడుతున్నాను.
పలకకి చెవి ఆనించి
వేలి కణుపుతో కొడతాను.
ఠంగుమంటే చెక్క బతికే ఉంది.
దబ్బుమంటే లోపల ఏదో తింటోంది.
పైన రంగు ఎంత నిగనిగలాడినా
వేలికి తెలిసిపోతుంది.

అదే వేలు డాక్టరుదంటే
ససేమిరా అన్నాను.

"నా ఒంట్లో ఎవరూ వేలు పెట్టక్కర్లేదు" అని
డామినోల బల్ల దగ్గర నేనంటే
ముగ్గురూ నవ్వారు.
ఆస్బర్ట్ అందరికన్నా గట్టిగా నవ్వి,
నవ్వు సగంలోనే లేచి గోడ వెనక్కి వెళ్లి
ఎంతసేపటికీ రాలేదు.
ఎవరం ఏమీ అడగలేదు.
ఆట అతని కోసం ఆగింది,
అంతే.

మా అన్న సిల్వన్ నడుం నొప్పంటే
దుంగలు మోసిన నడుం కదా అనుకున్నాం.
రమ్ముతో రుద్దాం. ఇటుక కాల్చి కాపడం పెట్టాం.
చివరికి తీసిన ఫోటోలో
ఎముకల నిండా తెల్లటి మచ్చలు,
ఏళ్ల తరబడి ఒడ్డుకి లాగని పడవ అడుగున
గుల్లలు పట్టినట్టు.
ప్రొస్టేట్ నుంచి పాకాయన్నారు.
ఆ మాట మా ఇంట్లో వినపడడం
అదే మొదటిసారి.

అతను మొదలుపెట్టిన పడవ
నా షెడ్డు పక్కనే ఉంది ఇంకా.
పక్కటెముకలే, పలకల్లేవు.
సాయంత్రమైతే కోళ్లెక్కి కూర్చుంటాయి.

రాత్రి నాలుగుసార్లు లేస్తాను.
యూనా నిద్ర నటిస్తుంది గానీ
లెక్క పెడుతుంది.
ఐదోసారి లేచిన రాత్రి
చీకట్లోంచి అడిగింది:
"ఓటి పడవిచ్చి ఎవర్నైనా వేటకి పంపుతావా నువ్వు?"
చుక్క తరవాత చుక్క, మధ్యలో ఎదురుచూపు.
జవాబు చెప్పడానికి
కావలసినంత టైముంది.
చెప్పలేదు.

గురువారం చర్చి హాల్లో రక్తపరీక్ష.
పెద్దదీవి నుంచి పొద్దుటి ఫెర్రీలో వచ్చారు,
మేం చేపలకి వాడే లాంటి ఐసుపెట్టెతో.
వరసలో ఉన్న మగాళ్లందరూ
బీపీ చూపించుకోడానికి వచ్చారట.
నేనూ అందుకే వచ్చానన్నాను.
నర్సు డెల్ఫిన్, చిన్నప్పుడు నా షెడ్డులో
చెక్కపొట్టుతో బొమ్మరిళ్లు కట్టిన పిల్ల,
"బీపీకి కూడా రక్తం తీస్తున్నాం ఇవాళ" అంది
నవ్వకుండా.
చొక్కా చెయ్యి పైకి మడిచాను.

తొమ్మిది వచ్చింది.
నాకంటే ముప్పై ఏళ్లు చిన్నది డాక్టరమ్మ.
అంకె తీర్పు కాదంది.
వయసుకి వాచినా పెరుగుతుందట,
కొన్నిటిని ఏళ్లపాటు కనిపెట్టి ఉంటే చాలట,
కొన్నిటికి మాత్రం ఆలస్యం పనికిరాదట.
ఆమె ఏ మాటల్లో చెప్పిందో గుర్తులేదు,
నాకు చెక్క భాషలోనే వినపడింది:
ప్రతి మచ్చా పుచ్చు కాదు.
ఏది ఏదో తెలియాలంటే
ఎవరో ఒకరు తట్టి చూడాలి.

గోడవైపు తిరిగి పడుకున్నాను.
పది లెక్కపెడదామనుకుంటే
ఏడు దగ్గరే అయిపోయింది.
మగతనం ఎక్కడికీ పోలేదు,
బెల్టుతో పాటు కుర్చీ మీదే ఉంది.
మధ్యలో ఒక్కసారి తల తిప్పి చూశాను.
కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి
ఆమె వింటోంది.
ఆ ముఖం నేనెరుగుదును.
పలకకి చెవి ఆనించినప్పుడు
అది నా ముఖం.

సోమవారం పెద్దదీవికి రమ్మన్నారు,
సూదితో ముక్క తీసి చూస్తారట.
యూనా సంచి సర్దేసింది,
అక్కర్లేని కంబళితో సహా.

శనివారం బల్ల దగ్గర
ముక్కలు కలుపుతూ
"తొమ్మిది" అన్నాను.
"ఏంటి తొమ్మిది?"
చెప్పాను.
కాసేపు ముక్కల చప్పుడొక్కటే.
ఆస్బర్ట్ నవ్వలేదు.
చేతిలో ముక్క వంక చూస్తూ
"ఆ హాల్లోకి మళ్లీ ఎప్పుడొస్తారు వాళ్లు?" అని
ముక్క వేశాడు.

నాలుగు పక్కన ఐదు వేశాడు.
కలవదు.
ఎవరం తియ్యమనలేదు.